కమలాపండ్ల పానకము

మొన్నటి సంక్రాంతికి నా మఱిది పట్టణమునుండి మా బిచ్కుందకు వచ్చెను. అతని సంచిలో రెండు వస్తువులుండెను. ఒకటి నాగపురపు కమలాపండ్ల పొట్లము. రెండవది రమ్ము సీసా.

“వదినా! పానకములు చేయుటలో మీకు సాటిలేరు. ఈ పండ్లరసములో దీనిని కలిపి నాలుగు గ్లాసులు సిద్ధము చేయుడు. పట్టణములో ఇప్పుడిది మర్యాదయే” అనెను.

మావారు చేతిలోని పత్రికనుండి తలయెత్తలేదు. కాదనిన తమ్ముడు నొచ్చుకొనును. ఔననిన నేను నొచ్చుకొందును. ఆ మౌనమునకు అదియే అర్థము.

పండ్లను, సీసాను తీసికొని వంటింటిలోనికి పోతిని. అంట్లు తోమునామె సీసాను చూచి చేయి నిలిపి, “అమ్మా, గిది మీ ఇంట్లకు గూడ వచ్చిందా?” అనెను. ఆమె మగని కూలి దుకాణమునకే పోవును. రెండేండ్ల క్రిందట పుస్తెలుకూడ పోయినవి. “నీ మగనిని మందలింపరాదా?” అని నేనెన్నిసారులో ఆమెకు నీతులు చెప్పితిని. గుడిసెలో త్రాగినచో దురలవాటు, మా యింట కమలారసముతో త్రాగినచో మర్యాదయా? ఆమె మాటకు నాయొద్ద బదులులేకపోయెను.

చిన్ననాడు మా తండ్రిగారు నాకు భారతము ఆదిపర్వము చెప్పిరి. కచుని కాల్చిన బూడిదను సురలో కలిపి యిచ్చిరి. ఎఱుగక త్రాగిన శుక్రాచార్యుడు పిమ్మట సురాపానమునే శపించెను. అంతటి జ్ఞానియే మోసపోయెను. కలిపి యిచ్చిన చేతులమాట నాకప్పుడు తట్టలేదు, ఆనాడు తట్టెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, రోశమ్మ మొదలగువారు, వయోజనుల పాఠములలోని సీతమ్మ కథతో మేల్కొని తమ యూరి సారా దుకాణమును మూయించిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో తొలగెను. శాసనములు వచ్చును, పోవును. నా వంటిల్లు మాత్రము నాది.

సీసాను బిరడా తీయకయే అలమరలో పెట్టి పానకము చేయ మొదలిడితిని. ఆ విధము చెప్పెదను.

ఆఱు పండ్లు తీసికొనవలెను. రెండింటి పైతొక్కను మాత్రము సన్నగా తురుమవలెను. లోని తెల్లపొర చేదు. తురుమును రెండు చెంచాల చక్కెరతో నలిపి అరగంట యుంచినచో తొక్కలోని నూనె చక్కెరకు పట్టును. కమలాపండు సువాసన చాలవఱకు ఆ నూనెలోనే యున్నది. నల్లబెల్లము నూఱు గ్రాములు గ్లాసెడు నీటిలో కరగించి, వడగట్టి, ఒక పొంగు రానిచ్చి చల్లార్పవలెను. రమ్ము పుట్టునదియు చెఱకు మడ్డినుండియే కావున నల్లబెల్లమునకు దాని రుచితో కొంత చుట్టరికము కలదు. గింజలు నలుగకుండ పండ్లరసము పిండి, చెంచాడు అల్లపురసము, నాలుగు మిరియముల పొడి, చిటికెడు ఉప్పు, నలిపిన చక్కెర, పాకము కలిపి, కుండనీరు తగినంత పోసి వడగట్టవలెను. పాకము వేడిగా నున్నప్పుడు రసము పోయరాదు, వాసన చెడును.

మఱిది ఒక గుక్క త్రాగి, “వదినా, ఇందులో అది వేయలేదు కదా?” అనెను.

“గొంతు మండుటకు అల్లము చాలును, నాయనా. అది మాత్రము నా చేతితో కలుపజాలను” అంటిని.

అతడు మాటాడలేదు. మావారు మాత్రము పత్రిక మడిచి రెండవ గ్లాసడిగిరి. మఱునాడు మఱిది సీసాను తిరిగి సంచిలో పెట్టుకొనెను. త్రాగుట మానునని నేను నమ్ముటలేదు. ఇంక నన్ను కలుపుమని యడుగడు.

మిగిలిన గ్లాసు అంట్లామెకిచ్చితిని. సగము త్రాగి, తక్కిన సగము కొంగుచాటున బిడ్డకు తీసికొనిపోయెను. ఆనాటినుండి ఆమెకు నేను నీతులు చెప్పుట మానితిని.