యూనిఫారం విప్పిన తర్వాత

పేరు ముందు ఒకసారి బిరుదు వచ్చి కూర్చుందంటే ఇక అది దిగదు. కెప్టెన్ లక్ష్మీ సెహగల్ సంగతే చూడండి. ఆవిడ యూనిఫారం వేసుకున్నది మహా అయితే రెండేళ్ళు. స్టెతస్కోపు పట్టుకున్నది అరవయ్యేళ్ళ పైమాటే. అయినా లోకానికి ఆవిడ ‘కెప్టెన్’ లక్ష్మే!

ఈమధ్య మా ఆడపడుచు కూతురు పూనేలోని సైనిక వైద్య కళాశాలలో చేరతానంది. అంతే, ఇంట్లో దుమారం. “తుపాకుల మధ్య ఆడపిల్లకేం పనే?” అన్నారు మా అత్తగారు. అప్పుడు నేను చెప్పిన కథే ఇది.

లక్ష్మి 1938లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరు చదువు ముగించి, తర్వాత ప్రసూతి వైద్యంలో డిప్లొమా తీసుకున్నారు. ట్రిప్లికేన్‌లో మనవాళ్ళంతా గోషాసుపత్రి అని పిలుచుకున్న ఆసుపత్రిలో పనిచేశారు. 1940లో సింగపూరు వెళ్ళి, పొట్ట చేతపట్టుకుని వలసపోయిన మన కూలీల కోసం క్లినిక్ పెట్టారు. 1942లో సింగపూరు జపాను వశమైనప్పుడు గాయపడ్డ యుద్ధఖైదీలకు వైద్యం చేశారు. మరుసటేడు నేతాజీ వచ్చి ఆడవాళ్ళ దళం కావాలంటే, ఝాన్సీరాణి దళాన్ని నడిపే భారం ఎత్తుకున్నారు. అందులో చేరిన పిల్లలు చాలామంది రబ్బరు తోటల్లోంచి వచ్చినవాళ్ళు. 1945లో బర్మాలో ఆవిడ పట్టుబడ్డారు. 1946లో స్వదేశం చేరారు.

“ఆ తర్వాతేం చేసిందిటా?” అన్నారు అత్తగారు. కోపం కాస్త తగ్గింది.

1947లో ప్రేమ్ సెహగల్‌ని పెళ్ళాడి కాన్పూరులో స్థిరపడ్డారు. దేశ విభజనతో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళకి వైద్యం చేశారు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాలకీ, 1984లో విషవాయువు కమ్మిన భోపాల్‌కీ పరుగెత్తారు. 2002లో రాష్ట్రపతి పదవికి అబ్దుల్ కలాం గారిమీద పోటీచేసి ఓడిపోయారు. మళ్ళీ తన రోగుల దగ్గరికే వెళ్ళారు. తొంభై దాటినా క్లినిక్ మానలేదు. 2012లో, 97 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

“అన్నేళ్ళూ ఎక్కువగా ఏం వైద్యం చేసేదీ?”

“పురుళ్ళు పోసేవారు, అత్తయ్యగారూ.”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. నలుగురిని కన్న తల్లి. అందులో ఒక కాన్పు మూడు రోజుల గండం.

“పురుడంటే ఆడదానికి పునర్జన్మ. అక్కడ నిలబడగలిగినదానికి తుపాకులో లెక్కా!” అని మనవరాలి వైపు తిరిగారు. “వెళ్ళు. కానీ వారం వారం ఫోను చెయ్యాలి.”

పిల్లదాని ముఖం చూడాలి మీరు!