జపాను రైలులో వీడియో ఆటలు

వ్యాపారనిమిత్తమై దూరదేశములకు పోవు స్త్రీలు నేడు మన యిండ్లలో అరుదు కారు. అట్టి ప్రయాణమునకు ఏ చీరలు పట్టుకొనిపోవలెనో, ఏ మందులు సంచిలో నుండవలెనో చెప్పువారు పదిమంది గలరు. ఆ ప్రయాణములో సగము కాలము వట్టి యెదురుచూపులకే సరిపోవునని మాత్రమెవ్వరును చెప్పరు. విమానముకొరకు రెండుగంటలు, రైలుకొరకు అరగంట, వర్తకుని గుమాస్తా లోపలికి పిలుచువరకు మరియొక గంట! పుస్తకము చదువుదమన్న మనస్సు నిలువదు; నిద్రపోవుదమన్న సామానుమీద భయము. ఇట్టివేళల ఆడుకొనుటకు వీడియో ఆటలను మేమెట్లు ఏరుకొంటిమో యిందు వ్రాయుచున్నాము. ఇల్లు విడిచి పోయిన తల్లికి ఆటలేమిటని నవ్వువారు నవ్వుదురు గాక.

2025 నవంబరులో మేమును మా వదినగారును పెడన కలంకారీ అద్దకపు శాంపిలు గుడ్డలు రెండు పెట్టెలనిండ సర్దుకొని, దిల్లీ మీదుగా జపాను దేశమునకు పోయితిమి. తోకియోలో నాలుగు దినములు, క్యోటోలో అయిదు దినములు, దారికి రెండు దినములు. మన కోరమండలతీరపు అద్దకపు గుడ్డ జపానువారికి క్రొత్త కాదు. డచ్చివారు మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిన 17వ శతాబ్దమునందే అట్టి గుడ్డలు ఓడలమీద ఆ దేశము చేరినవి. వారు దానిని ‘సరసా’ యని పిలిచి, తేనీటి వేడుకలో వాడు పాత్రలకు సంచులు కుట్టుకొని దాచుకొనెడివారు. ఆ పేరు చెప్పినంతనే మా పెట్టెలు తెరిపించినవారు కలరు. ఇది గొప్పకొరకు చెప్పుట కాదు. మా పని యెట్టిదో తెలియవలెను గదా.

ఇంటివద్ద మా అత్తగారి సంరక్షణలో తొమ్మిదేండ్ల పిల్లవానిని విడిచి వచ్చితిమి. జపాను గడియారము మనదానికంటె మూడున్నర గంటలు ముందు నడచును. వాడు బడినుండి నాలుగున్నరకు ఇల్లు చేరునప్పటికి మాకు రాత్రి యెనిమిది. వర్తకులతో విందులు జరుగు సమయమదియే. వాడు తొమ్మిదింటికి పరుండబోవునప్పటికి మాకు అర్ధరాత్రి దాటి అరగంట. తెల్లవారి వాడు లేచునప్పటికి మేము మరియొకరి దుకాణములో గుడ్డలు పరచుచుందుము. ఫోనులో నాలుగు మాటలాడుకొనుటకు పదునొకండు దినములలో మాకు కుదిరిన పూటలు నాలుగైదు మాత్రమే. ఆటలను గూర్చి మేమింతగా ఆలోచించుటకు కారణమిది యని ముందే మనవి చేయుచున్నాము.

తోకియోనుండి క్యోటోకు పోవు బుల్లెట్ రైలు మార్గము 1964 అక్టోబరు 1వ తేదీన తెరువబడినది. నొజోమి యను వేగపు బండి ఆ దూరమును రెండుగంటల పావులో దాటించును. కుడిప్రక్క కిటికీయొద్ద చోటు దొరికినచో, బయలుదేరిన ముప్పాతిక గంటకు ఫుజీ పర్వతము కానవచ్చును. నవంబరు మాసపు నిర్మలాకాశమున దాని తెల్లని శిఖరమును చూచి వదినగారు చేతులు జోడించిరి. బండిలో నెవ్వరును బిగ్గరగా మాటలాడరు. ఫోను మ్రోగినచో పెట్టె చివరనున్న నడవలోనికి పోయి మాటలాడి వచ్చెదరు. మా ముందు వరుసలో నల్లకోటు తొడిగిన యుద్యోగి యొకడు కాగితములు మూసి, చిన్న ఆటయంత్రము తీసి, చెవులకు తీగెలు తగిల్చి, చడిచప్పుడు లేక నాగోయా వరకు ఆడి, స్టేషను వచ్చినంతనే దానిని జేబులో వేసికొని దిగిపోయెను. అటు చూచినవాడొక్కడును లేడు. మన బండ్లలో పాటలు, సినిమాలు పెట్టె యంతటికి వినిపించువారిని తలచుకొని మాకు సిగ్గు కలిగినది.

చేతిలో పట్టుకొని యాడు ఈ యంత్రములకు ఈ రైలే పుట్టినిల్లని చెప్పుదురు. నింటెండో సంస్థలో యంత్రములు కల్పించెడి యోకోయి గుంపే యను నాతడు బుల్లెట్ రైలులో ఒక యుద్యోగి ప్రొద్దుపోక లెక్కలయంత్రపు మీటలు నొక్కుకొనుచుండగా చూచెనట. పెద్దవారు గుట్టుగా అరచేతిలో నుంచుకొని యాడదగిన వస్తువొకటి యుండిన బాగుండునని అతనికి తోచినది. 1980లో వెలువడిన ‘గేమ్ అండ్ వాచ్’ దాని ఫలము. 1989లో అతని బృందమే ‘గేమ్ బాయ్’ నిర్మించినది. దాని తెరకు రంగులు లేవు, వెలుతురు లేదు. అయినను నాలుగు చిన్న బ్యాటరీలతో పదిగంటలకు పైగా నడచెడిది. మరుసటి యేడు సెగా కంపెనీ రంగురంగుల వెలుగుతెరతో ‘గేమ్ గేర్’ తెచ్చినది. అది ఆరు బ్యాటరీలను అయిదుగంటలలోపుననే తినివేసెడిది. జనము రంగులు లేనిదానినే యెక్కువగా కొన్నారు. దారిలో పనికివచ్చునది తళుకు కాదు, మన్నిక యని గుంపే యెరుగును. పాతబడి చవుకయై, గుణదోషములన్నియు తెలిసిన పనిముట్టును క్రొత్త తీరున వాడవలెనన్నది అతని సిద్ధాంతము. మన వంటింటి స్త్రీలకు దీనిని వేరుగ నేర్పవలసిన పని లేదు.

మేము ఏరుకొన్న తీరును ఇంచుమించు ఇట్టిదే. మొదటి మాట ఫోనును గూర్చి. పనిమీద పోయినవారికి ఫోనే టిక్కెట్టు, ఫోనే పటము, ఫోనే చిట్టా. సాయంకాలమునకు దాని బ్యాటరీ ఆటలో కరగిపోయెనేని దారి తెలియని వీథిలో నిలువబడవలసి వచ్చును. కావున పెద్ద ఆటలను ఫోనులో పెట్టక వేరు యంత్రమును తీసికొనిపోయితిమి. అది నింటెండోవారు 2017లో తెచ్చిన స్విచ్, పిల్లవానిది, వాని యనుమతితోనే తెచ్చితిమి. పవరుబ్యాంకు చేతిసంచిలోనే యుండవలెను, పెద్దపెట్టెలో పెట్టి పంపరాదు. 2025 జూలైనుండి జపాను విమానములలో దానిని తలపైని అరలోగూడ నుంచక కంటికెదురుగా నుంచుకొనుమని చెప్పుచున్నారు.

రెండవది: నెట్టు లేకున్నను ఆట తెరచుకొనవలెను. ఇంటనుండగానే ఫోనును విమానపద్ధతిలో పెట్టి ప్రతి యాటను తెరచి చూచితిమి. తెరచుకొనని వానిని అక్కడనే తీసివేసితిమి. మూడవది: ఎక్కడ నాపిన నక్కడ ఆగవలెను. గుమాస్తా పిలిచినప్పుడు “ఒక్క నిమిషము” అనుటకు వీలులేదు గదా. ఇతరులతో జట్టుకట్టి యొకే వేళ ఆడవలసిన ఆటలు ఇందువలననే మాకు పనికిరాలేదు.

ఇక డబ్బు. ఊరకే దొరకు ఆటలలో పెక్కింటియందు, లోపలనేమున్నదో తెలియని పొట్లమును రూకలిచ్చి విప్పుకొనుమని ప్రేరేపించు పద్ధతి యున్నది. దీని పేరు ‘గాచా’. జపాను అంగళ్లలో నాణెము వేసి పిడి త్రిప్పిన బొమ్మ నిచ్చు పెట్టెలనుండి వచ్చిన పేరది. కొన్ని బొమ్మలన్నియు కూడబెట్టినగాని బహుమానము రాని ‘కంప్లీట్ గాచా’ చట్టవిరుద్ధమని 2012లో ఆ దేశపు వినియోగదారుల శాఖయే చెప్పినది. మన దేశమున పందెపుటాటలమీద 2017లో తెలంగాణము, 2020లో ఆంధ్రప్రదేశము నిషేధములు పెట్టినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. చట్ట మెట్లున్నను, ఒంటరిగా హోటలుగదిలో అలసియున్న రాత్రివేళ మనస్సు చాల మెత్తబడియుండును. మా కార్డు అంకెలు ఏ యాటలోను వ్రాయకుండుటయే మేము చేసిన కట్టడి.

వదినగారు సుడోకు తప్ప వేరొకటి ముట్టలేదు. అమెరికాలో 1979లో ప్రకటింపబడిన యీ అంకెల చిక్కునకు 1984లో జపాను పత్రికయొకటి యీ పేరు పెట్టినది. మేము టెట్రిసు కూడ పెట్టుకొంటిమి గాని పండుకొనుటకు ముందు ఆడలేదు. ఆ యాట యాడినవారికి కన్ను మూయగానే జారిపడు పలకలు కనబడునని 2000లో హార్వర్డు పరిశోధకులు వ్రాసియున్నారు. మరునాడు ధరలు మాటలాడవలసినవారికి కలలో పలకలెందుకు? “నువ్వు కూడా నాలాగే అంకెలు వేసుకో, అమ్మాయీ, మత్తుగా నిద్ర పడుతుంది” అని వదినగారి సలహా. “మీకు అంకెలంటే నిద్ర వస్తుంది వదినగారూ, నాకు బాకీలు గుర్తుకొస్తాయి” అంటిమి.

క్యోటోలో నవంబరు చివర మేపిల్ ఆకులు ఎర్రబడునప్పుడు హోటళ్ల యద్దెలు నిప్పులు కక్కును. మేము కామో నదికి దగ్గరనున్న చిన్న బసలో దిగితిమి. అక్కడికి నడచిపోవు దూరముననే కగియాచో వీథిలో నింటెండోవారి పాత కార్యాలయము కలదు. అది 2022నుండి హోటలుగా మారినది. 1889లో ఆ సంస్థ మొదలైనది యంత్రములతో గాదు, ‘హనాఫుడా’ యను పూలముక్కలతో. పండ్రెండు నెలలకు పండ్రెండు పూలు, చెట్లు, నెలకు నాలుగు ముక్కలు, మొత్తము 48. జనవరికి పైను చెట్టు, మార్చికి చెర్రీపూలు. ఇప్పటికిని వారవి అమ్ముచున్నారు. మా అత్తగారికి చీర కొనుటకు తోచలేదు. చీరలవారికి చీర యేమిటి? ఒక పెట్టె పూలముక్కలు కొంటిమి.

పిల్లవాని మాటకు వత్తుము. వానితో ఒకే వేళ ఆడుటకు వీలులేనందున, తీరికగా ఆడు చదరంగమును ఏర్పాటు చేసితిమి. ఫ్రాన్సు దేశమున 2010లో మొదలైన లీచెస్ అనునది రుసుము లేక, ప్రకటనలు లేక నడచుచున్నది. అందు ఒక్కొక్క యెత్తునకు ఒకటి మొదలు పదునాలుగు దినముల వరకు గడువు పెట్టుకొనవచ్చును. పిల్లలతో అపరిచితులు మాటలాడకుండ చేయు మీట కూడ కలదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2024 డిసెంబరులో రెండవమారు ప్రపంచ రాపిడ్ విజేత యైననాటినుండి మా యింట చదరంగపు పిచ్చి హెచ్చినది. ఎత్తునకు రెండు దినముల గడువు పెట్టితిమి. వాడు సాయంకాలము బడినుండి వచ్చి నాయనమ్మ ప్రక్కన కూర్చుండి ఒక యెత్తు వేయును. మేము విందు ముగించి బసకు వచ్చి చూచుకొని, ఉదయము దుకాణమునకు పోవు దారిలో ఆలోచించి మారెత్తు వేయుదుము. మాటలు కుదరని దినములలో గుఱ్ఱము కదలినదా, వాడు ఆరోగ్యముగానున్నాడని తెలియును. ఒకనాడు ఎత్తు రాలేదు. జ్వరమని మరునాడు తెలిసినది. ఆ రాత్రి మేము ఏ యాటయు ఆడలేదు. వదినగారు కూడ అంకెలు ముట్టలేదు. మూడవనాటి సాయంకాలము గడువు తీరుటకు గంట ముందుగా వాని శకటు మా పంక్తిలోనికి వచ్చి కూర్చున్నది.

తిరుగుప్రయాణమున లెక్కలు ముగిసినవి గనుక, అంతవరకు తెరువని ‘జెల్డా’ను విమానములో తెరచితిమి. కొండలు, పచ్చికబయళ్లు, గుఱ్ఱపుస్వారి. దారి చెప్పువారు లేరు. ఎన్ని గంటలైనను చాలదు. పనిదినములలో దానిని తాకకుండుట మంచిదయ్యెను. దిల్లీలో దిగి ఫోను తెరచునప్పటికి పిల్లవాని యెత్తు వచ్చియున్నది. మా మంత్రి చిక్కులో పడినది. దానిని తప్పించు తెరువును వదినగారు విజయవాడ వరకు వెదకుచునే యున్నారు.