ఓటీ నది ఒడ్డున మరో మాంగో

జంషెడ్‌పూర్ తెలుగువారికి మాంగో అంటే సువర్ణరేఖ వంతెన దాటగానే వచ్చే పేట. అదే పేరుతో పశ్చిమాఫ్రికాలో ఇంకొక ఊరున్నది. టోగో దేశపు ఉత్తర భాగంలో, ఓటీ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి పూర్తి పేరు సాన్సానే మాంగో. 18వ శతాబ్దంలో నేటి ఐవరీ కోస్ట్ ప్రాంతం నుండి వచ్చిన ఆనుఫో యోధులు తాము విడిచివచ్చిన సీమ పేరునే కొత్త మకాముకు పెట్టుకున్నారు. రెండు మాంగోలకూ పేరులో తప్ప చుట్టరికం లేదు. అయినా, పొట్ట చేతపట్టుకుని ఉక్కు కర్మాగారానికి వెళ్ళి, హిందీ ముక్క రాక మొదటి మాసాలు మౌనంగా గడిపిన శ్రీకాకుళం కూలీకి, టోగోలో అడుగుపెట్టిన అమెరికన్ యువకుడి అవస్థ సులభంగానే అర్థమవుతుంది.

1961 మార్చి 1న అధ్యక్షుడు కెనెడీ పీస్ కోర్ సంస్థను నెలకొల్పాడు. ఆ ఆగస్టు 30న తొలి జట్టు ఘనా రాజధాని అక్రాలో దిగింది. మరుసటి ఏడాది టోగో వంతు వచ్చింది. మన దేశంలోనూ 1961 నుండి 1976 వరకు ఈ స్వచ్ఛంద సేవకులు పనిచేశారు. ఆరంభంలో శిక్షణ అమెరికా విశ్వవిద్యాలయాలలోనే జరిగేది. కాని పాఠం వినడం వేరు, ఎండలో నీళ్ళు మోయడం వేరు. అందువల్ల తరువాతి కాలంలో శిక్షణను పనిచేయవలసిన దేశంలోనే, పల్లెటూరి కుటుంబాల నడుమ ఏర్పాటు చేయసాగారు. 2020 మార్చిలో మహమ్మారి మూలంగా అన్ని దేశాల నుండి సేవకులను వెనక్కు పిలిపించినా, 2022 నుండి మళ్ళీ పంపుతున్నారు.

దక్షిణ టోగోలోని ఎవే పల్లెలో తెల్లవారకముందే వాకిళ్ళు ఊడ్చే చీపుళ్ళ చప్పుడు వినిపిస్తుంది. దోమతెరలో నుండి బయటపడిన శిక్షణార్థి బకెట్టు నీళ్ళతో దడి చాటున స్నానం ముగించాలి. ఆపైన ఫ్రెంచి పాఠం. దేశపు అధికార భాష అది. పెరట్లో మాటలు మాత్రం ఎవేలో సాగుతాయి. ఒకేసారి రెండు భాషల ముందు ఓనమాలు దిద్దవలసిన దుస్థితి! దారిలో ఎవరినీ పలకరించకుండా పోరాదు. ఇల్లెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు అని అడిగి, జవాబు విని, తిరిగి జవాబు చెప్పాలి. తొందరపడేవాడిని మర్యాద తెలియనివాడిగా లెక్కగడతారు. వీధి పిల్లలు మాత్రం మర్యాదల జోలికి పోక, “యోవో, యోవో” అంటూ వెంటబడి పాడుతారు. తెల్లవాడని దాని అర్థం.

భోజనం తెలుగువాడికి అంత వింతగా తోచదు. మొక్కజొన్న పిండిని ఉడికించి కెలికిన ముద్ద, బెండకాయ జిగురు పులుసు. మన సంకటి వలెనే కుడిచేత్తో విరిచి అద్దుకుని మింగాలి. ఉడికిన పెండలాన్ని పెద్ద రోటిలో వేసి ఇద్దరు ముగ్గురు వంతులవారీగా రోకళ్ళతో దంచితే ఫూఫూ తయారవుతుంది. కొత్తవాడు రోకలి పట్టగానే లయ తప్పుతుంది. అరచేతులు బొబ్బలెక్కుతాయి, ఆడవారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వుతోనే అతనికి పేరు కూడా వస్తుంది. ఎవేలో పుట్టిన వారాన్నిబట్టి పేరు: శుక్రవారం పుట్టినవాడు కోఫీ, సోమవారం పుట్టినవాడు కోజో.

అసలు కష్టం దోమల్లోనూ లేదు, ఎండలోనూ లేదు. స్వదేశంలో పట్టభద్రుడై, పదిమందికి నేర్పుదామని వచ్చినవాడికి బట్ట ఉతకడం రాదు. ఎనిమిదేళ్ళ పిల్ల అతని చేతిలో నుండి చొక్కా లాగుకుని ఉతికి చూపిస్తుంది. అన్నం అడగడానికి కూడా మాట వెదుక్కోవాలి. ఈ పసితనాన్ని భరించలేక శిక్షణ నడుమనే తిరుగు ప్రయాణం కట్టేవారుంటారు. ఇరవై రెండేళ్ళ యువకుడు తరతరాల రైతుకు ఏమి నేర్పగలడన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. నేర్పగలిగేది స్వల్పం కావచ్చు. నేర్చుకోవడానికి నామోషీ పడని పరదేశి మాటను వినడానికి మాత్రం ఊరు సిద్ధపడుతుంది. అతిథిని ఉంచుకున్నందుకు కుటుంబానికి భత్యం ముడుతుంది, నిజమే. జ్వరం వచ్చిన రాత్రి గుమ్మం దగ్గర కూర్చుండిపోయే ఇంటి ఇల్లాలికి ఆ పద్దులో లెక్క లేదు.

దాదాపు మూడు మాసాల తరువాత భాషలో పరీక్ష, ఆపైన ప్రమాణ స్వీకారం. రెండేళ్ళ కొలువు అప్పుడు మొదలవుతుంది. ఉత్తరాదికి నియమితులైనవారు రాజధాని లోమే నుండి 500 కిలోమీటర్లకు పైగా కిక్కిరిసిన టాక్సీలలో ప్రయాణించి మాంగో చేరేవారు. అక్కడి వాడుక భాష ఆనుఫో. కష్టపడి నేర్చిన ఎవే పలకరింపుకు అక్కడ బదులిచ్చేవారు అరుదు. మళ్ళీ మొదటి మాట నుండి మొదలుపెట్టవలసిందే.