అమ్మ వృత్తి

కథల్లో శ్రామిక స్త్రీల మీద పిహెచ్.డి. చేసినదాన్ని. పశువైద్య కాలేజీ సీట్లతో నీకేం పని అని మిత్రులు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

2022లో, పాలమూరు జిల్లాలోని మా ఊళ్లో, గొర్రెలు పెంచుకునే ఇంటి అమ్మాయి బై.పి.సి. పూర్తిచేసి నా దగ్గరికొచ్చింది. "పశువుల డాక్టర్ కావాలె మేడం, ఏం జెయ్యాలె?" అంది. ఆ ఇంట్లో పదో తరగతి దాటింది తనే మొదలు.

నాకు చేతనైంది కాగితాలు చదవడం. చదివాను. ఐదున్నరేళ్ల కోర్సు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. సీటు ఎంసెట్ ర్యాంకును బట్టి. 40 శాతం సీట్లు రైతు కోటా అని కనబడగానే సంబరపడ్డాను. పల్లెలో నాలుగేళ్లు చదివుండాలి, చదివింది. కనీసం ఎకరం భూమి ఉండాలి. అక్కడ ఆగిపోయాం. వాళ్లకు భూమి లేదు, మంద ఉంది.

"అరవై గొర్లు ఎన్ని ఎకరాలకు సమానం మేడం?" అంది. వ్యంగ్యం కాదు, నిజంగానే అడిగింది.

ఆ ఏడు ర్యాంకు చాలలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్ ఫీజు కోసం ఒక ట్రస్టుకు దరఖాస్తు పెట్టాం. నేనే నింపాను. తండ్రి వృత్తి: గొర్రెల పెంపకం. తల్లి వృత్తి: గృహిణి. రాసేటప్పుడు నా చెయ్యి తడబడను కూడా లేదు. శ్రామిక స్త్రీల మీద మూడువందల పేజీలు రాసిన చెయ్యి!

ఆ పిల్ల చదివి కాసేపు మాట్లాడలేదు. "నాయిన సంక్రాంతి దాటినంక మందతోని పోతే వానలు పడ్డంకనే వస్తడు. సూడి గొర్లు, పిల్లలు అమ్మ తాననే ఉంటయి. పిల్ల అడ్డం తిరిగితే లోపల చెయ్యి పెట్టి సరిజేసి తీస్తది. గిదంత గృహిణి పనా మేడం?"

కొట్టేశాను. బదులు ఏం రాయాలో తోచలేదు. 2017లో ప్రభుత్వం ఇచ్చిన ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కూడా తండ్రి పేరు మీదే వచ్చాయి. తల్లినే అడిగితే, "ఏదన్న రాయి బిడ్డా, ఫీజిస్తె సాలు" అంది.

వాళ్లు సగమే ఇచ్చారు. మిగతా సగానికి ఆమె నాలుగు గొర్రెలమ్మింది. 2023లో సీటు వచ్చింది. ఆ తర్వాత మరో ఇద్దరమ్మాయిలు కాగితాలు పట్టుకొచ్చారు, ఒకరికి రాలేదు.

మొన్న దసరాకి ఇంటికొచ్చిన పిల్ల, తల్లి ఒట్టి చేతుల్తో గొర్రెకి మాయ తీస్తుంటే చూసి గొడవపెట్టుకుంది. పొడవాటి తొడుగులు తెచ్చిచ్చింది. "ఇవేసుకుంటే లోపల ఏం తెలుస్తదే?" అని ఆమె పక్కన పడేసింది. కూతురి భయం వేరు. తల్లికి ఏళ్లుగా వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు. ఈడుచుకుపోతున్న గొర్రెల నుంచి మనుషులకి సోకే బ్రూసెల్లోసిస్‌లోనూ అవే లక్షణాలు. ఇన్నేళ్లలో ఆమెకు జ్వరం మాత్రలిచ్చిన వాళ్లెవరూ ఆమె ఏం పని చేస్తుందని అడగలేదు. నేనూ అడగలేదు కదా.

ముగ్గురం పట్నం ఆస్పత్రికెళ్లాం. రక్తపరీక్ష చీటీ రాస్తూ, "ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగాడు కౌంటర్లో అబ్బాయి. ఆమె నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే కూతురు చెప్పింది.

"గొర్లకు కాన్పులు చేస్తది."

రిపోర్టు ఇంకా రాలేదు.