పాటల మెట్లు

డిసెంబరు నెల వచ్చినదనగానే ఆ యేటి పాటలను క్రిందినుండి మీదికి వరుసపెట్టి వినిపించుట రేడియోకు చిరకాలపు అలవాటు. మొదటి పాట ఏదియో తెలియువరకు ఎవరును రేడియో కట్టరు.

ఈ అలవాటును మన దేశమున ప్రసిద్ధి చేసినది రేడియో సిలోను. 1952లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ కాలమున ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు నిలిచిపోగా, శ్రోతలు కొలంబో వైపు చెవి త్రిప్పిరి. ఆ డిసెంబరులోనే అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా ఆరంభమాయెను. పాట నిలిచిన స్థానమును ఆయన ‘పాయ్‌దాన్’ అనెడివారు, అనగా మెట్టు. మిక్కిలి ఆదరణ పొందిన పాట ‘సర్తాజ్’, అనగా తలమీది కిరీటము. 2024లో ఆయన కన్నుమూసిరి. ఆ మెట్ల లెక్క మాత్రము నేటికిని సాగుచునే యున్నది.

ఆ మెట్లు ఎవరు కట్టిరి? ఏ పాట ఎంత అమ్ముడుపోయెనో రికార్డుల దుకాణములవారు తెలిపెడివారు. శ్రోతల సంఘములు తమ యిష్టమును వ్రాసి పంపెడివి. ఇందులో తప్పేమియు లేదు. అయినను ఒక్క సంగతి గమనించుడి. రికార్డు కొనలేనివారి యిష్టము, ఉత్తరము వ్రాయనేరనివారి యిష్టము ఆ లెక్కలో చేరలేదు.

మీ బిడ్డలలో అనేకులు నల్లగొండ, సూర్యాపేటల నుండి పనికై వచ్చి బస్సు దిగుచోటు ఎల్.బి.నగర్ కూడలియే గదా! అక్కడనుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా 2018 నుండి మెట్రో రైలు నడుచుచున్నది. నిరుడు డిసెంబరులో ఒక సాయంకాలమున, ఆ వంతెన క్రింద, దుకాణముల పాటల హోరు నడుమ, కట్టడపు పనినుండి వచ్చిన ఒక పెద్దతల్లి తట్ట ప్రక్కన పెట్టుకొని, బస్సుకొరకు కనిపెట్టుచు, క్రీస్తు జన్మ కీర్తన యొకటి మెల్లగా పాడుకొనుచుండెను. చరణము మరచి మరల పల్లవికి వచ్చుచుండెను. “అమ్మా, మీ గుడిలో పాడుదువా?” అని అడిగితిని. “నా పాట ఎవరడుగుతరయ్యగారూ? ఇప్పుడంత పిల్లలే, కీబోర్డే” అని నవ్వెను.

ఆ మాట రేడియోను గూర్చినది కాదు, మనలను గూర్చినది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములోను ప్రతి పాటకు ఒక అంకె కలదు. ఆ అంకె పాటను వెదకి తీయుటకే గాని, దానికి అంతస్తు కట్టుటకు కాదు. చదువురాని తల్లులనేకులు ఆ పాటలను నోటనే నేర్చి, ఒడిలోని బిడ్డలకు నేర్పి, మనకప్పగించిరి. అట్టివారిని వెనుక చాపమీద కూర్చుండబెట్టి, మైకు మాత్రము ముందువరుసకిచ్చుట మనకు తగునా?

మొదటి క్రిస్మసు దినములలోను ఒక లెక్క జరుగుచుండెను. కైసరు ఔగుస్తు ప్రజలందరిని లెక్క వ్రాయించుచుండెను. కాని దూతల పాట ఆ లెక్కలు కోరిన రాజనగరులో వినబడలేదు. రాత్రివేళ పొలములో మంద కాచుకొను గొఱ్ఱెల కాపరులకు వినబడెను. లోకము పాటలను మెట్లెక్కించును. ప్రభువు మెట్లు దిగి పశువుల తొట్టికి వచ్చెను. ఆయన తలకు లోకమిచ్చిన కిరీటము ముండ్లది.

ప్రియులారా, రేడియో వినవద్దని నేను చెప్పను. మంచి పాట విని సంతోషించుడి. కాని ఈ క్రిస్మసు ఆరాధనకు ముందుగా, మీ సంఘములో ఎవరి పాట ఎన్నడును అడుగబడలేదో తలంచుకొనుడి. వారి యింటికి పోయి, “అమ్మా, ఈ యేడు నీ పాట కావలెను” అని అడుగుడి. తాళము తప్పినయెడల కీబోర్డు వాయించు పిల్లవాడే ఆమె వెంట నడుచును గాక. ఆమె చరణము మరచినచోట సంఘమంతయు అందుకొనును గాక. ఆమేన్.