ఏ నల్ల జీలకర్ర?

నల్ల జీలకర్ర అనే మాట ఒకటే గానీ, ఆ పేరుతో చెలామణీ అయ్యే మొక్కలు కనీసం మూడు. బిర్యానీలో వేసే షాజీరా ఒకటి. నాన్ రొట్టెల మీద చల్లే కలోంజీ రెండోది. మూలికల దుకాణంలో కాలీజీరీ అని అమ్మే అడవి జీలకర్ర మూడోది. నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మూడు సరుకులు ఒకే పద్దులో రాస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు. చిట్కా వైద్యాలు చెప్పేవాళ్లను మాత్రం ఎవరూ అడగరు!

మామూలు జీలకర్ర కొత్తిమీర, క్యారెట్, వాము, సోంపుల కుటుంబానికి చెందింది. పూలు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. మనం గింజ అనేది నిజానికి ఎండి రెండుగా చీలిన కాయలో ఒక సగం. షాజీరా (బూనియం పెర్సికం) కూడా అంతే, అంటే నిజమైన చుట్టమే. బజార్లో ఆ పేరుతో చాలాసార్లు సీమసోంపు అంటగడతారు, అది వేరే గొడవ. కలోంజీ మాత్రం వసనాభి కుటుంబం. అడవి జీలకర్ర పొద్దుతిరుగుడు కుటుంబం. పేరులో తప్ప జీలకర్రతో దానికి ఏ సంబంధమూ లేదు.

మా అక్కయ్యకు షుగరు. ఫోనులో ఎవరో పంపిన సందేశం చూసి, "నల్ల జీలకర్ర పొడి తింటే మాత్రలక్కర్లేదటరా, మానేయనా?" అంది. సందేశంలో ఉన్నది కలోంజీ బొమ్మ, ఆవిడ కొన్న పొట్లంలో ఉన్నది కాలీజీరీ. చేదుగా ఉంది కాబట్టి మందేనని ఆవిడ నమ్మకం. మాత్రలు మానకుండా ఆపడానికి నాకు రెండు రోజులు పట్టింది. కలోంజీ మీద కొన్ని ప్రయోగాలు జరిగిన మాట నిజం. వాటి ఫలితం కాలీజీరీ ఖాతాలో జమ కాదు. డాక్టరు రాసిన మాత్రకు బదులూ కాదు.

"శాస్త్రజ్ఞులే పేర్లు మారుస్తుంటారు గదా" అని ఒక మిత్రుడి ఎత్తిపొడుపు. నిజమే. షాజీరాను మొదట క్యారమ్ ప్రజాతిలో పెట్టారు, తర్వాత బూనియంలో, ఇప్పుడు ఎల్వెండియాలో. కాయల నిర్మాణం, డీఎన్ఏ పోల్చి చూసి, కారణం రాసి మరీ మార్చారు. ఇన్ని మార్పుల్లోనూ కుటుంబం మాత్రం మారలేదు.

ఆ అసలు మొక్క కాశ్మీరులోని గురేజ్, హిమాచల్‌లోని కిన్నౌర్ కొండల్లో తనంతట తానే పెరుగుతుంది. 2019లో హిమాచలీ కాలా జీరాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. విత్తనం నుంచి పూత రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. గింజ ముదరకముందే కోసేస్తున్నారు, దుంపలు తవ్వేస్తున్నారు. అడవిలో అది తగ్గిపోతోంది.