పోయొచ్చిన మిషన్

ఖమ్మం నుంచి వైరా వెళ్లే రోడ్డు మీద, ఊరు కాస్త పలచబడే చోట ఉంది ఆ షాపు. బయట వరసగా నాలుగు మిల్లర్లు, వాటి డ్రమ్ముల నిండా ఎండిపోయిన కాంక్రీటు పొక్కులు. సెంట్రింగ్ రేకుల దొంతరలు, జాకీలు, ఓ మూల రోటవేటర్. లోపల గోడకి మేకులు కొట్టి తగిలించిన గ్రైండర్లు, డ్రిల్లులు, మార్బుల్ కట్టర్లు. మా గేటు కింద ఇనప పట్టీ వంగి నేలకి రాసుకుంటోంది. దాన్ని కోయడానికి గ్రైండర్ ఒక రోజుకి అద్దెకి తెచ్చుకుందామని వెళ్లాను. పది నిమిషాల పని అనుకున్నది సగం పూట పట్టింది.

నేను వెళ్లేసరికి ఒక మేస్త్రి బ్రేకర్ తిరిగి ఇస్తున్నాడు. యజమాని దాని మొహం వైపు కూడా చూడలేదు. వైరు పట్టుకుని చివరిదాకా లాగి ప్లగ్గు చూశాడు.

‘‘అగ్గిపుల్లలు ఎన్ని పట్టాయి మేస్త్రీ?’’

మేస్త్రి నవ్వేశాడు. ‘‘రెండే అన్నా. ఆ ఇంట్లో పెద్ద సాకెట్ లేదు మరి.’’

ప్లగ్గు ఊడదీసి, వైరు కొసలు గీకి, సాకెట్ బొక్కల్లో దూర్చి అగ్గిపుల్లతో బిగించడం మన దగ్గర చూడని వాళ్లుండరు. పని అయ్యాక ప్లగ్గు మళ్లీ తగిలించి తెచ్చినా, రాగి పోగులు సగం తెగి ఉంటాయి, స్క్రూ మీద కొత్త గీత ఉంటుంది. షాపు పెట్టకముందు ఈయన చాలా ఏళ్లు మోటారు వైండింగ్ పని చేశాడు. మిషన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తే, కాయిల్ మీది వార్నిష్ కాలిందో లేదో చెప్పేస్తాడు. పోయొచ్చిన ప్రతి మిషన్ వివరం రిజిస్టర్‌లో ‘వచ్చినప్పుడు’ అనే గడిలో రాస్తాడు. ఆ గడి చదివితే కథల పుస్తకంలా ఉంది. ‘స్విచ్‌లో సిమెంటు.’ ‘సైడు హ్యాండిల్ లేదు.’ ‘తడిసింది, చెప్పలేదు.’

కరెంటు గురించి ఆయన చెప్పిన మాట ఒకటి నాకు కొత్త. ఇంట్లో ఎంసీబీ ఉంది కదా, ఏమన్నా అయితే పడిపోతుందిలే అని అందరం ధీమాగా ఉంటాం. ఆ ఎంసీబీ కాపాడేది వైరుని. 16 ఆంపియర్లు దాటితే వైరు కాలిపోకుండా పడిపోవడం దాని పని. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు చాలు. మనిషి కోసం పెట్టేది వేరే ఉంది, ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. అది 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా పడిపోతుంది. నీళ్లు పోస్తూ రాయి కోసే కట్టర్ ఎవరు తీసుకున్నా, అది బిగించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా ఇచ్చి పంపుతాడు. బాక్సుకి అద్దె లేదు. ‘‘దానికి డబ్బులంటే వద్దంటారు సార్’’ అన్నాడు.

డ్రిల్లుకి రెండు పిన్నులే ఉన్నాయే, ఎర్త్ పిన్ ఏదని అడిగాను. మిషన్ తిప్పి పేరు పలక మీద ఒక గుర్తు చూపించాడు. చదరంలో ఇంకో చదరం. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థమట, దానికి ఎర్త్ అక్కర్లేదు. మిల్లర్ మోటారుకి అలా కుదరదు, మూడో వైరు ఉండి తీరాలి.

ఇక నా గ్రైండర్ సంగతి. రెండేళ్ల కిందట వేరే చోట అద్దెకి తెచ్చిన గ్రైండర్‌కి గార్డు లేదు. అడగాలని నాకూ తెలియలేదు. కోస్తుండగా డిస్క్ పగిలి, ముక్క ఒకటి నా చెవి పక్కగా పోయి గోడ మీద సున్నం పెకలించింది. ఆ సంగతి చెబితే ఆయన లెక్క కట్టి చూపించాడు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. డిస్క్ అంచు వేగం గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. పగిలిన ముక్క ఆ వేగంతోనే వస్తుంది. గార్డు నిప్పురవ్వలకని నేననుకుంటూ వచ్చాను. అసలు పని ఆ ముక్కని ఆపడం.

డిస్క్ నడిబొడ్డున ఉండే సన్నటి రేకు రింగు మీద నెల, సంవత్సరం అంకెలు కొట్టి ఉంటాయి. మందుల అట్ట మీద ఉన్నట్టే అది గడువు. లోపలి జిగురు కాలం గడిచే కొద్దీ, తేమ తగిలే కొద్దీ బలం తగ్గిపోతుంది. నేనిన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ అంకెలు చూడలేదు. బల్ల మీద బిగించే పెద్ద సానరాయికైతే ఇంకో పరీక్ష. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు కర్ర పిడితో తట్టాలి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులుంది.

ఆ షాపులో గ్రైండర్‌కి కర్ర కోసే పళ్ల బ్లేడు ఎవరడిగినా ఇవ్వరు. మామిడి దుంగలు కోసుకుంటానని ఒకాయన బతిమాలితే కూడా ఇవ్వలేదు. పన్ను కర్రలో ఇరుక్కుంటే మిషన్ ఎగిరి మనిషి మీదికే వస్తుందంటాడు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. సాయంత్రం నాలుగు దాటాక మిషన్ తీసుకుంటే అద్దె మర్నాడు పొద్దున్నుంచే లెక్క. ఎందుకలా అంటే, రోజు అద్దె ఎక్కడ వృథా పోతుందోనని చీకట్లో, బల్బు వెలుతురులో కోస్తారట. నిజమే. సొంత మిషనైతే రేపు చూద్దాంలే అనుకుంటాం. అద్దెది ఇంట్లో ఉంటే అన్నం కూడా సయించదు. నడుం పట్టేసినా, చేతులు వణుకుతున్నా, ఇంకొక్క గంట అనుకుంటాం. గంట లెక్కన వచ్చే జేసీబీ దగ్గర ఇది మరీ ఎక్కువ. ఆపరేటర్ టీ తాగుతుంటే ఇంటాయన మీటర్ వైపే చూస్తుంటాడు. ఆ తొందరలోనే తవ్విన మట్టిని కందకం అంచునే పోయిస్తారు, పైప్ వేయడానికి మనిషిని లోపలికి దింపుతారు. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైమాటే. అది జారితే లేచి పరిగెత్తే వ్యవధి ఉండదు. పైన పోతున్న కరెంటు తీగలూ అంతే, బకెట్ లేపాక చూస్తే లాభం లేదు.

మధ్యాహ్నం ఒక రైతు రోటవేటర్ కోసం వచ్చాడు. ట్రాక్టర్ నుంచి దాన్ని తిప్పే పీటీఓ షాఫ్టు మీద పసుపు ప్లాస్టిక్ తొడుగు ఉందా అని తనే వంగి చూసుకున్నాడు. అడిగితే, వాళ్ల ఊళ్లో ఒకాయన లుంగీ దానికి చుట్టుకుందని మాత్రం అన్నాడు. ఏమైందని నేను పొడిగించలేదు. ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి తొమ్మిది. గుడ్డ కొస చిక్కిందని తెలిసేలోపే రెండు మూడు చుట్లు తిరిగిపోయి ఉంటుంది. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని దున్నడం మన పల్లెల్లో ముద్దుగా చూస్తాం. జారితే పడేది వెనక తిరుగుతున్న కత్తుల ముందే.

నూర్పిడి మిషన్ల గురించి మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టమే ఉంది, 1983లో వచ్చిన ప్రమాదకర యంత్రాల చట్టం. గింజ నూర్చేటప్పుడు కట్టతో పాటు చెయ్యి కూడా లోపలికి పోవడం అంత మామూలైపోయింది మరి. కట్టలు తోసే దోనె పొడుగ్గా ఉండాలి, పైన మూత ఉండాలి, అప్పుడు చేతికి డ్రమ్ము అందదు. ఎక్కువ పట్టడం లేదని ఆ మూత కోసి తీసేసే వాళ్లని తానే చూశానన్నాడు యజమాని.

అంతా బాగుందని రాస్తే అబద్ధమవుతుంది. ఇన్ని చెప్పిన షాపులోనే పనికుర్రాడు హవాయి చెప్పులతో, కళ్లజోడు లేకుండా జాకీల తుప్పు గీకుతున్నాడు. నేను చూడటం చూసి యజమాని ‘‘తమ్ముడూ, అద్దాలేవిరా’’ అని అరిచాడు. కుర్రాడు జేబులోంచి తీసి పెట్టుకున్నాడు. నాకిచ్చిన హెల్మెట్‌కి గడ్డం కింది పట్టీ తెగిపోయి ఉంది. వాళ్ల దగ్గరున్న మిషన్ల పుస్తకాల్లో తెలుగుది ఒక్కటీ లేదు. యజమాని కూతురు మాత్రం కొన్ని మిషన్ల మీద తెల్ల కాగితం అంటించి, గుండ్రటి అక్షరాలతో ‘డిస్క్ మార్చే ముందు ప్లగ్గు పీకండి’ అని రాసింది. మిల్లర్ మీద ‘కొంగు బిగించి దోపుకోండి’ అని ఉంది. ఎవరి కోసం రాసిందో తెలిసి రాసింది.

డిస్క్ నా చేతే బిగించి చూపించమన్నాడు. రెండుసార్లు తప్పు పెట్టాను. గార్డు నా వైపుకి తిప్పి, స్క్రూ బిగించి, ఏ పనీ లేకుండా నిమిషంపాటు పక్కకి పట్టుకుని తిప్పమన్నాడు. చప్పుడు తేడాగా లేదని చెప్పాకే రిజిస్టర్‌లో సంతకం.

మర్నాడు మధ్యాహ్నానికి పని అయిపోయింది. గేటు నేలకి తగలట్లేదు. గ్రైండర్ గుడ్డతో శుభ్రంగా తుడిచి పట్టుకెళ్లాను. ఆయన ముందు ప్లగ్గు చూశాడు, బాగుంది. వాసన చూశాడు, బాగుంది. తర్వాత గార్డు మీద బొటనవేలు పెట్టి కాసేపు ఆగాడు.

‘‘తిప్పారు కదా సార్.’’

గేటు మూల దగ్గర గార్డు అడ్డొస్తుంటే, చిట్టచివరి కోతకి కొంచెం వెనక్కి తిప్పిన మాట నిజం. మళ్లీ సరిగ్గానే పెట్టాననుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. నా పేరు వెతికి, ఆ గడిలో రెండు మాటలు రాసి, డిపాజిట్ లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.